వినతిపత్రం రాసింది నేనే

“మేము ఏ మతానికీ వ్యతిరేకులం కాము.”

ఈ వాక్యం నాది. మా కాలనీ సంక్షేమ సంఘం తరఫున రాసిన రెండు పేజీల వినతిపత్రంలో దీన్ని అన్నిటికంటే పైన పెట్టి, దాని కింద 9 అభ్యంతరాలకు వరుస సంఖ్యలు వేసి, వెనక 143 సంతకాల కాగితాలను కుట్టి, ఒక సోమవారం నాడు ప్రజావాణిలో ఇచ్చి రసీదు తెచ్చుకున్నాము. నేను ఉన్నత పాఠశాలలో 32 ఏళ్ళు సాంఘికశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాడిని. చేతిరాత కుదురుగా ఉంటుందని, అధికారులకు ఎలా రాయాలో తెలుసునని, కాలనీలో కరెంటు స్తంభం ఒరిగినా, మంచినీళ్ళ పైపు పగిలినా, కుక్కల బెడద పెరిగినా కాగితం రాసే పని నాకే అప్పజెబుతారు. కాలనీ చివర ఒక క్రైస్తవ సంఘం పెద్ద ప్రార్థనా మందిరం కట్టుకోబోతున్నదని తెలిసినప్పుడు కూడా ఆ పని నా మీదనే పడింది. నేను కాదనలేదు. కాదనాలని అప్పుడు అనిపించలేదు కూడా.

ఇప్పుడు ఆ కాగితం నకలు తీసి చదువుకుంటే నాకు మొదట గుచ్చుకునేది ఆ మొదటి వాక్యమే. నీళ్ళ పైపు గురించి ఇన్నేళ్ళలో కనీసం పది దరఖాస్తులు రాసి ఉంటాను. ఒక్కదానిలోనూ “మేము నీళ్ళకు వ్యతిరేకులం కాము” అని మొదలుపెట్టలేదు.

మా కాలనీ హనుమకొండ నుంచి హసన్‌పర్తి వైపు వెళ్ళే పెద్ద రోడ్డుకు కాస్త లోపలగా ఉంటుంది. పాతికేళ్ళ కిందట ఇవన్నీ పత్తి, మక్క పండిన చెలకలు. మొదట ఉపాధ్యాయులము, బ్యాంకు వాళ్ళము, రైల్వే ఉద్యోగులము ప్లాట్లు కొనుక్కున్నాము. తర్వాత పిల్లలు అమెరికాకు పోయిన ఇళ్ళు రెండంతస్తులై, మూడంతస్తులై, రోడ్ల మీదికి వంగాయి. ఆ క్రైస్తవ సంఘం వాళ్ళు కొత్తగా వచ్చినవారేమీ కాదు. రైలు పట్టాల అవతల ఒక రేకుల షెడ్డులో పదిహేనేళ్ళుగా ఆదివారం ఆరాధన జరుపుకుంటున్నారు. సంఘంలో ఎక్కువ మంది భవన నిర్మాణ కూలీలు, పారిశుద్ధ్య కార్మికులు, మూతపడ్డ ఆజంజాహి మిల్లులో ఒకప్పుడు పనిచేసిన కుటుంబాల పిల్లలు. పాస్టరు గారు రైల్వేలో చిన్న ఉద్యోగం చేసి మానుకున్నవారని విన్నాను. వారానికి ఇరవై, యాభై చొప్పున కానుకలు కూడబెట్టి, కొంత అప్పు చేసి, మా కాలనీ చివర 22 గుంటల జాగ కొన్నారు. అందులో 80 అడుగుల వెడల్పు, 120 అడుగుల పొడవుతో, పైన బాల్కనీతో, 1,500 మంది కూర్చునే మందిరం కట్టాలని వాళ్ళ ఆలోచన.

ఆ సంగతి మాకు తెలిసింది ఒక ఫ్లెక్సీ వల్ల. పాస్టరు గారి నిలువెత్తు ఫోటో, పక్కన కంప్యూటరులో గీసిన మందిరం బొమ్మ, ఆ బొమ్మలో మా దగ్గర ఎక్కడా పెరగని జాతి చెట్లు, కింద శంకుస్థాపన తేదీ. వాళ్ళు కాలనీలో ఏ ఒక్కరి ఇంటికీ వచ్చి ఒక మాట చెప్పలేదు. నలుగురిని పిలిచి చాయ తాగించి విషయం చెప్పి ఉంటే సగం కోపం అక్కడే చల్లారేదని నేను ఇప్పటికీ అనుకుంటాను. “చెప్తే ఆపుతరని భయపడ్డం సార్” అని తర్వాత ఎప్పుడో పాస్టరు గారే నాతో అన్నారు. ఆ భయం ఊరికే పుట్టింది కాదని అప్పటికి నాకు తెలిసింది.

సమావేశం శనివారం సాయంత్రం ఆంజనేయస్వామి గుడి మండపంలో పెట్టుకున్నాము. భజన అయిపోయి, వడపప్పు పంచిన తర్వాత, ఆడవాళ్ళు లేచి వెళ్ళాక మాటలు మొదలయ్యాయి. మొదటివాడు పార్కింగు అన్నాడు. 30 అడుగుల రోడ్డులో ఆదివారం పొద్దున మూడు వందల బండ్లు, యాభై ఆటోలు వస్తే ఒంట్లో బాగాలేని మనిషిని ఆస్పత్రికి తీసుకుపోవడం ఎట్లా అన్నాడు. అది న్యాయమైన ప్రశ్నే. రెండోవాడు సౌండు అన్నాడు. మూడోవాడు మురుగు కాలువ చాలదన్నాడు. నాలుగో ఆయన, రిజిస్ట్రేషన్ల వ్యవహారం బాగా తెలిసిన మనిషి, “ప్లాట్ల రేటు పడిపోతది, రాసి పెట్టుకోండ్రి” అన్నాడు. అంతవరకు అందరూ కాస్త సర్దుకుని, గొంతు దించుకుని మాట్లాడారు. ఆ తర్వాత వెనక స్తంభానికి ఆనుకుని కూర్చున్న ఒక పెద్దమనిషి, నాకు మంచి మిత్రుడే, “ఇయ్యాల మందిరం అంటరు, రేపు ఇంటింటికి పుస్తకాలు పంచుతరు, ఎల్లుండి మన పోరగాండ్లను మలుపుకుంటరు, గప్పుడు ఈ పార్కింగు గీర్కింగు ఎవనికి గావాలె?” అన్నాడు. మండపమంతా ఒక్కసారిగా కదిలింది. అప్పటిదాకా మాట్లాడనివాళ్ళు కూడా మాట్లాడారు. పార్కింగు గురించి అంత వేడి పుట్టలేదు.

నేను కాగితం మీద రాసుకుంటున్నాను. రేటు పడిపోతుందన్న మాట రాయలేదు, అది స్వార్థంలా కనబడుతుందని. పిల్లల్ని మలుపుకుంటారన్న మాటా రాయలేదు, అది అధికారుల ముందు చెల్లదని. పార్కింగు, శబ్దం, మురుగునీరు, అగ్నిమాపక వాహనం తిరగడానికి చోటు, భూగర్భ జలం, పాఠశాల పిల్లల భద్రత అని ఒక్కొక్కటిగా పేర్చుకుంటూ పోయాను. రాసినవాటిలో ఏ ఒక్కటీ అబద్ధం కాదు. అయితే మండపాన్ని కదిలించిన మాట ఏదో అది మాత్రం కాగితంలో లేదు, దానికి బదులుగా పైన నా మొదటి వాక్యం ఉంది. ఇన్నేళ్ళ అనుభవంతో చేసిన పని కనుక అతుకు ఎక్కడా కనబడలేదు.

మా కాలనీ మలుపుకు 300 గజాల దూరంలో ఒక ఫంక్షన్ హాలు ఉంది. రెండు వేల మందికి భోజనాలు పెట్టగల హాలు. మాఘంలో, ఫాల్గుణంలో, శ్రావణంలో లగ్గాలున్న ప్రతిరోజూ అదే రోడ్డులో బరాత్ నడుస్తుంది. డీజే బండి ముందు పిల్లలు ఎగురుతుంటే మా ఇంటి కిటికీ అద్దాలు సన్నగా వణకడం చేతితో తాకి చూశాను. అర్ధరాత్రి ఒంటిగంటకు పటాకులు. తెల్లవారి వాకిలి ఊడ్చుకునే ఆడవాళ్ళు తిట్టుకుంటూ కాగితపు పళ్ళాలు ఎత్తిపోసుకుంటారు. ఆ హాలు మీద మేము ఎన్నడూ వినతిపత్రం ఇవ్వలేదు. ఎందుకివ్వలేదని నన్ను నేను అడుక్కుంటే జవాబు చాలా సులభం: మా పెద్దమ్మాయి పెళ్ళి అక్కడే చేశాను. సంతకాలు పెట్టినవాళ్ళలో సగం మంది ఆ పెళ్ళిలో భోజనం చేశారు. ఏడాదికి అరవై, డెబ్బై రోజులు రాత్రిపూట మోగే హాలు మాది, వారానికి ఒక్క పూట పగలు నడిచే మందిరం వాళ్ళది.

అట్లాగని శబ్దం సంగతి తేలికైనదని నేను అనడం లేదు. ఆ సంఘం వాళ్ళు జాగ కొన్న ఏడాదే అక్కడ మూడు రాత్రులు ఉజ్జీవ సభలు పెట్టి, నాలుగు దిక్కులా స్పీకర్లు కట్టి, రాత్రి పదకొండు దాటేదాకా పాడారు. అది తప్పు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు బయట లౌడ్‌స్పీకరు వాడరాదు. నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్‌కు మించరాదు. అదే ఏడాది ఆగస్టులో సుప్రీంకోర్టు చెన్నైలోని ఒక చర్చికి, దాని పక్క కాలనీ సంక్షేమ సంఘానికి మధ్య నడిచిన వ్యాజ్యంలో, ఇతరుల ప్రశాంతతను చెడగొట్టి ప్రార్థన చేయమని ఏ మతమూ చెప్పదని తేల్చింది. మా వాళ్ళలో ఒక న్యాయవాది ఆ తీర్పును తెచ్చి వినతిపత్రానికి జతచేయమన్నాడు, చేశాను. కానీ ఆ తీర్పును నేను పూర్తిగా చదివింది తర్వాతనే. అందులో కోర్టు చర్చిని మూసేయమనలేదు, కట్టవద్దనలేదు. స్పీకర్ల శబ్దం నియమాలకు లోబడి ఉండాలన్నది. మేము దాన్ని జతచేసింది మందిరమే వద్దనడానికి.

ఇంటికి అనుమతి తీసుకోవడానికీ, ప్రార్థనా స్థలానికి అనుమతి తీసుకోవడానికీ తేడా ఉందని ఆ రోజుల్లోనే నాకు బాగా అర్థమైంది. రాజ్యాంగం 25వ అధికరణం మనిషికి తన మతాన్ని ఆచరించే హక్కును, 26వ అధికరణం ప్రతి మత శాఖకు తన సంస్థలను నెలకొల్పుకుని నడుపుకునే హక్కును ఇచ్చాయి. రెండింటికీ శాంతిభద్రతలు, నీతి, ఆరోగ్యం అనే మూడు హద్దులు గీశాయి. ఇది ఏటా పిల్లలకు నేను నల్లబల్ల మీద రాసి చెప్పిన పాఠమే. కానీ ఆ హద్దులు నేల మీద ఎట్లా పనిచేస్తాయో నల్లబల్ల మీద కనబడదు. మందిరం వల్ల శాంతికి భంగం కలుగుతుందేమోనని అధికారులు చూస్తారు. శాంతికి భంగం ఎవరు కలిగిస్తారు? షెడ్డులో పాటలు పాడుకునే కూలీలా, వద్దని సంతకాలు పెట్టిన 143 మందిమా? మేము ఎంత గట్టిగా అరిస్తే అంత “ఉద్రిక్తత” అవుతుంది, ఉద్రిక్తత ఉన్నదని నివేదిక వెళితే అదే అనుమతి ఆపడానికి కారణమవుతుంది. ఒక జాగలో గొడవ లేవదీసినవాళ్ళే, గొడవ ఉన్నది కనుక అక్కడ కట్టడం వద్దని అనవచ్చు. ఈ కిటుకు మా సమావేశంలో ఎవరూ పైకి అనలేదు గాని, అందరికీ తెలుసు. వినతిపత్రంలో 9వ అభ్యంతరం అదే: “ఈ నిర్మాణం వల్ల కాలనీలో ఉద్రిక్త వాతావరణం నెలకొనే ప్రమాదం ఉన్నది.”

అనుమతి రాకముందే వాళ్ళు పునాది గుంతలు తీసి 14 పిల్లర్లను ప్లింత్ దాకా లేపడం మాకు మరింత బలమిచ్చింది. అది కూడా తప్పే. పని ఆగింది. సలాకలు ఆకాశంలోకి చూస్తూ ఆ వానాకాలమంతా తడిశాయి. తుప్పు పట్టకుండా ఎవరో వాటి కొసలకు నీళ్ళ సీసాలు బోర్లించి కట్టారు.

మా ఇంట్లో అంట్లు తోమి, ఇల్లు తుడిచే ఆవిడ ఎనిమిదేళ్ళుగా వస్తున్నది. ఆమె ఆదివారం రానని మొదటినాడే చెప్పింది. ఎందుకని మేము అడగలేదు, అందరికీ ఒక సెలవు కావాలి కదా అనుకున్నాము. ప్రజావాణి అయిన వారం తర్వాత, నేను వరండాలో పేపరు చదువుతుంటే, తుడుపు గుడ్డ బకెట్లో పిండుతూ తల ఎత్తకుండానే అడిగింది.

“సారూ, గా కాగితం మీరే రాసిండ్రట గద.”

అవునన్నాను.

“మీ అక్షరాలు ముత్యాల్లెక్క ఉంటయని అమ్మ అంటది” అని, మళ్ళీ గుడ్డ పిండింది. కాసేపటికి, “షెడ్డుల వాన పడితే పాస్టరయ్య మాట ఇనబడది సారూ. రేకుల మీద చప్పుడే. మేము బయట పరదా కింద కూసుంటం. మా అత్తకు మోకాళ్ళు ఒంగయి, బురదల కుర్చీ దిగబడుతది. అందుకనే పెద్దది కట్టుకుందామనుకున్నం” అన్నది.

ఆమె నిష్ఠూరమాడలేదు. ఆడి ఉంటే నాకు తేలికగా ఉండేది, ఏదో ఒక సమాధానం చెప్పేవాడిని. మా ఆవిడ లోపలి నుంచి పిలిస్తే వెళ్ళిపోయింది. ఆ గుడ్డతో తుడిచిన గచ్చు ఆరేదాకా నేను కుర్చీలోంచి లేవలేదు.

వినతిపత్రంలో 6వ అంశంగా నేను ఒక లెక్క రాశాను. కాలనీలో క్రైస్తవ కుటుంబాలు మూడే ఉన్నాయని, మూడు కుటుంబాల కోసం 1,500 మంది పట్టే మందిరం ఎందుకని. చదవడానికి బలమైన వాదనే. 2011 జనాభా లెక్కల్లో తెలంగాణ మొత్తం మీద క్రైస్తవులు నూటికి 1.3 మంది మాత్రమేనని కూడా చేర్చాను. ఆ లెక్క ఎట్లా తయారవుతుందో నాకు తెలియనిది కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులకే షెడ్యూల్డు కులాల హోదా దక్కింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు గాని, క్రైస్తవం తీసుకున్నవారికి ఆ హోదా పోతుంది, మన రాష్ట్రంలో వాళ్ళను బీసీ-సి కింద లెక్కిస్తారు. కాబట్టి ఆదివారం షెడ్డుకు వెళ్ళేవాళ్ళలో చాలామంది కాగితాల మీద హిందువులే. వాళ్ళ పిల్లల ఫీజులు, హాస్టలు సీట్లు ఆ కాగితం మీద ఆధారపడి ఉన్నాయి. మతం మారినా హోదా కాగితం ఉంచుకోవడం సరికాదని వాదించేవాళ్ళున్నారు, న్యాయస్థానాలూ ఆ మాట అన్నాయి. నేను దాని జోలికి ఇక్కడ పోవడం లేదు. నేను చెప్పేదల్లా, ఎవరైతే లెక్కలో తాము ఉన్నామని చెప్పుకోలేరో వాళ్ళ లెక్కనే చూపించి “మీరు ఎంతమంది ఉన్నారు?” అని నేను అడిగాను. సాంఘికశాస్త్రం ఉపాధ్యాయుడు అడగదగిన ప్రశ్న కాదది.

ఆ ఏడు సద్దుల బతుకమ్మ నాడు మా ఆవిడను, చిన్నమ్మాయిని పద్మాక్షి గుట్టకు తీసుకుపోయాను. గుండం చుట్టూ ఇసుక వేస్తే రాలనంత జనం. గుట్ట మీద అమ్మవారి గుడి ముందున్న రాతి స్తంభాన్ని ఎన్నిసార్లు చూశానో, పిల్లలను విహారయాత్రకు తీసుకుపోయి ఎన్నిసార్లు వివరించానో! 1117 నాటి ఆ శాసనం చెప్పేది జైన బసది సంగతి. కాకతీయ రెండవ ప్రోలరాజు కాలంలో ఆయన మంత్రి బేతన భార్య మైలమ కట్టించిన కడలాలయ బసది అది. ఎవరో తక్కువ సంఖ్యలో ఉన్న మతస్థులు, రాజుగారి ఊరి నడుమ, అందరికీ కనబడే గుట్ట మీద కట్టుకున్న ప్రార్థనా స్థలం. తొమ్మిది వందల ఏళ్ళ తర్వాత అక్కడే మా ఇంటి ఆడవాళ్ళు బతుకమ్మను నీళ్ళలో విడుస్తున్నారు. ఆ రోజు మైలమమ్మ గారికి కూడా ఎవరైనా వినతిపత్రంతో అడ్డుపడ్డారో లేదో శాసనం చెప్పదు.

కాజీపేట దర్గా ఉర్సుకు మా నాన్న ఏటా వెళ్ళేవాడు. ఫాతిమానగర్‌లో పెద్ద చర్చి కట్టినప్పుడు, 1952లో వరంగల్ కేథలిక్ మేత్రాసనం ఏర్పడ్డ తర్వాతి రోజుల్లో, చుట్టూ రైల్వే క్వార్టర్లు, పొలాలే తప్ప కాలనీ సంఘాలు లేవు. ఉత్తర తెలంగాణకు ఆనుకుని ఉన్న మెదక్ చర్చిని 1914లో మొదలుపెట్టి, కరువు రోజుల్లో కూలీలకు పని కల్పిస్తూ పదేళ్ళు కట్టి, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ చేశారు. 175 అడుగుల గోపురం. ఇవాళ దాన్ని చూడటానికి వెళ్ళే బస్సుల్లో సగం మంది మాలాంటివాళ్ళమే, మెట్ల మీద నిలబడి ఫోటోలు దిగుతాము. పాత మందిరం పర్యాటక స్థలం, కొత్త మందిరం ముప్పు. సున్నం ఆరేదాకా ఓపిక పడితే చాలునేమో.

నా మనసు మార్చింది మాత్రం చరిత్ర కాదు, మా చెల్లె కొడుకు. వాడు ఇంగ్లండులో వాట్‌ఫర్డ్ దగ్గర ఉంటాడు. కృష్ణాష్టమికి పిల్లలతో గుడికి వెళ్ళి, అక్కడి నుంచే వీడియో కాల్ చేశాడు. పచ్చిక మైదానాలు, గోశాల, నుదుట తిలకాలతో తెల్లవాళ్ళు. భక్తివేదాంత మేనర్ అంటారు దాన్ని. బీటిల్స్ బృందంలోని జార్జ్ హారిసన్ 1973లో హరే కృష్ణ భక్తులకు ఇచ్చిన భవనం. నేను మా మందిరం గొడవ గురించి, కాస్త గొప్పగానే, వాడితో చెప్పాను. వాడు నవ్వి, “మామా, ఈ గుడి మీద కూడా ఊరోళ్ళు గిట్లనే కొట్లాడిండ్రు, తెలుసా?” అన్నాడు. లెచ్‌మోర్ హీత్ అనే ఆ చిన్న పల్లెలోని సన్నని దారుల గుండా పండుగనాడు వేలమంది వస్తుంటే ఊరివాళ్ళు తట్టుకోలేకపోయారు. ట్రాఫిక్, శబ్దం, పల్లె ప్రశాంతత అన్నారు. అక్కడి పురపాలక సంఘం బహిరంగ పూజలు ఆపించాలని ఏళ్ళ తరబడి న్యాయపోరాటం చేసింది. 1994లో వేలాది హిందువులు లండన్ వీధుల్లో ఊరేగింపు తీశారు. చివరికి 1996లో ప్రభుత్వం అనుమతి ఇచ్చింది, ఊళ్ళోంచి కాకుండా పెద్ద రోడ్డు నుంచి నేరుగా గుడికి వేరే దారి వేసుకోవాలని. దారి వేసుకున్నారు. ఇప్పుడు గుడీ ఉంది, పల్లే ఉంది. “ఇక్కడ మనమే ఆ చర్చోళ్ళం మామా” అన్నాడు వాడు. ఫోను పెట్టేశాక చాలాసేపు నేను ఆ వేరే దారి గురించే ఆలోచించాను. మా దగ్గర ఆ 22 గుంటల వెనకవైపు 60 అడుగుల రోడ్డు ఉంది. గేటు అటు పెట్టుకుంటే మా 30 అడుగుల రోడ్డుతో వాళ్ళకు పనే లేదు. తొమ్మిది అభ్యంతరాలు రాసిన నేను ఈ ఒక్క మాట ఎందుకు రాయలేదు? గేటు మారిస్తే మందిరం వచ్చేస్తుంది కనుక.

విచారణకు అధికారులు వచ్చారు. ఒక కుర్ర ఉద్యోగి, టేపు పట్టుకుని, లేఅవుట్ నకలు చంకలో పెట్టుకుని, చాలా మర్యాదగా అన్నీ రాసుకున్నాడు. మేము పాతికమందిమి ఆయన వెంట నడిచాము. ఆంజనేయస్వామి గుడి దగ్గరికి రాగానే ఆ అబ్బాయి నకలు విప్పి, అటూ ఇటూ తిప్పి చూసి, “సార్, ఇక్కడ పార్కు ఉండాలి కదా” అన్నాడు. ఎవరూ మాట్లాడలేదు. లేఅవుట్‌లో పదోవంతు ఖాళీ స్థలం వదలాలన్న నియమం ప్రకారం వదిలిన పార్కు అది. అందులోనే మొదట ఒక వేపచెట్టు కింద రాయి పెట్టి, తర్వాత చిన్న గద్దె కట్టి, తర్వాత గర్భగుడి, మండపం, చలువరాళ్ళు వేసుకున్నాము. మండపానికి స్లాబు వేసింది పన్నెండేళ్ళ కింద. వీధుల్లో, పార్కుల్లో, ప్రభుత్వ స్థలాల్లో గుడి, చర్చి, మసీదు, గురుద్వారా పేరు మీద అనుమతి లేని కట్టడాలు కొత్తగా రావద్దని సుప్రీంకోర్టు 2009 సెప్టెంబరు 29న చెప్పిన తర్వాతనే. ఆ స్లాబుకు చందా రాసింది కూడా నేనే, పుస్తకం నా దగ్గరే ఉంది. సొంత డబ్బుతో కొన్న జాగలో కట్టుకునేవాళ్ళను ఆపాలని మేము సమావేశమైంది పార్కు జాగలో కట్టుకున్న మండపంలో. ఆ అబ్బాయి ఏమీ అనకుండా నకలు మడిచి ముందుకు నడిచాడు. మా వాళ్ళలో ఒకాయన నా చెవిలో, “ఈయనెవరో కొత్తగా ఉన్నడు” అన్నాడు.

తర్వాత రోడ్డు కొలిచారు. కాగితం మీద 30 అడుగులు. మా ఇంటి ముందు టేపు పట్టితే 24 అడుగుల మూడంగుళాలు వచ్చింది. ఇరువైపులా ప్రతి ఇంటి ముందు కారు ఎక్కే ర్యాంపు, బట్టలుతికే గద్దె, పూలమొక్కలకు ఇనుప జాలీ. అగ్నిమాపక వాహనం తిరగదని 4వ అంశంలో రాసింది నిజమే. అది తిరగకుండా చేసింది మేమే.

నేను రెండో కాగితం రాశాను. ఈసారి ఎవరూ అడగలేదు, సంతకం నాది ఒక్కటే. గేటు 60 అడుగుల రోడ్డు వైపు పెట్టాలని, వాహనాలు 22 గుంటల లోపలే నిలపాలని, బయట స్పీకర్లు కట్టరాదని, మురుగునీటికి సొంత ఏర్పాటు చేసుకోవాలని, ఈ షరతులకు వాళ్ళు ఒప్పుకుంటే నాకు అభ్యంతరం లేదని, ఇవే శబ్ద, పార్కింగు నియమాలను ఫంక్షన్ హాలుకు కూడా వర్తింపజేయాలని కోరాను. కాలనీ సంఘంలో నా పదవి పోయింది. స్తంభానికి ఆనుకుని కూర్చున్న మిత్రుడు నాలుగు నెలలు మాట్లాడలేదు, ఆ తర్వాత మనవడి బారసాలకు పిలిచాడు. మందిరం ఫైలు ఇంకా కదులుతూనే ఉంది. పాస్టరు గారు కొత్త ప్లాను గీయించారు, గేటు వెనకకు మారింది, బాల్కనీ తీసేశారు. ఫ్లెక్సీ మాత్రం మళ్ళీ వేశారు, ఫోటో ఈసారి ఇంకొంచెం పెద్దది.

పోయిన నెల నా ఇంటి ముందు ర్యాంపును రెండున్నర అడుగులు కొట్టించాను. నన్ను చూసి ఇంకెవరూ కొట్టించలేదు. ర్యాంపు ఇప్పుడు మరీ నిటారుగా ఉండటం వల్ల స్కూటరు ఎక్కించేటప్పుడు వెనక నుంచి ఎవరో ఒకరు తోయాల్సి వస్తున్నది.